ఏడో షరతు, బండెడు పెంకులు

ఈ సంగతి ఇంతకుముందే ఎందుకు రాయలేదని మా మనవరాలు అడిగింది. రెండు కారణాలు. మొదటిది, చాలా ఏళ్ళు నాకు రాయడం రాదు. అరవై దాటిన తర్వాత మా ఊళ్ళో సాయంత్రం పూట ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి పెట్టినప్పుడు తొలిసారి పలక పట్టుకున్నాను. గడ్డపారకు అలవాటు పడిన చెయ్యి కావడంతో బలపాలు తెగ విరిగేవి. పాఠం చెప్పే పిల్ల, "అవ్వా, బండను కొట్టినట్టు కొట్టబాక, మెల్లగా దిద్దు" అనేది. రెండో కారణం, ఒక మనిషికి మాట ఇచ్చాను. ఆయన బతికి ఉండగా ఈ సంగతి ఎవరికీ చెప్పనన్నాను. నిరుడు ఆయన పోయాడని తెలిసింది. చాలా మంచివాడు. రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు నోటుబుక్కు కొన్నాను.

మేం బావులు తవ్వేవాళ్ళం. మాది ఉదయగిరి. మా ఇంటాయన మేస్త్రి. తొమ్మిది కుటుంబాలు కలిసి ఒక గుంపు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళం తట్టలతో మట్టి మోసేవాళ్ళం. పైన మట్టి, దాని కింద గరుసు, దాని కింద మాత్రం మా వైపు ఎక్కడ తవ్వినా బండే. బండ వచ్చిందంటే ఉలీ సమ్మెటా పట్టుకుని రంధ్రం తొలిచి, మందు కూరి, వత్తి పెట్టి పేల్చాలి. రాళ్ళు ఎగరకుండా పైన తుమ్మకంప కప్పి, తాటిమొద్దులు అడ్డంగా వేసేవాళ్ళం. అయినా ఎగిరేవి. మొద్దుల కింద దూరి, కంపలో సందు వెతుక్కుని, ఒక్క రాయైనా ఎవరో ఒకరి ఇంటి మీదికి పోయేది.

అందుకే మా గుంపు ఎక్కడికి పోయినా వెనక ఒక బండి వచ్చేది. ఆ బండిలో తిండిగింజలు కాదు, పనిముట్లు కాదు, పెంకులు ఉండేవి. నాటు పెంకులు, కుండలు, ఒకటి రెండు జాడీలు. అది మా అత్త పెట్టిన కట్టడి. రాయి పడి పెంకు పగిలితే పొద్దు గుంకేలోపల కొత్త పెంకు కప్పెక్కాలి. కుండ పగిలితే కుండ. దాంతోపాటు మా అత్తే ఆ ఇంటికి పోయి, "తప్పు మాదే తల్లీ" అని చెప్పి, ఆ ఇంట్లో ఏదన్నా ఒక ముద్ద తిని రావాలి. వాళ్ళ ఇంట తింటే ఇక పేచీ ఉండదని ఆమె లెక్క. ఒకసారి ఉదయగిరి కొండ కింద పని చేస్తుంటే రాయి ఒకరి కప్పులోంచి దూరి, పొయ్యి మీద ఉడుకుతున్న సంగటి కుండలో పడింది. మా అత్త కొత్త కుండ తీసుకుపోయి, తానే సంగటి కెలికి, వాళ్ళతో కలిసి తిని వచ్చింది. తర్వాత ఆ ఇంటి పెళ్ళికి మా తొమ్మిది కుటుంబాలనూ పిలిచారు.

వత్తి వెలిగించే ముందు కేక వేసేది కూడా ఆమే. ఏదన్నా ఎత్తుమీద నిలబడి "వత్తీ" అని మూడుసార్లు అరిచేది. ఆమె అరవకుండా మా గుంపులో ఏ మగాడూ నిప్పు అంటించేవాడు కాదు.

ఇక కరువు సంవత్సరాలు వచ్చాయి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, మద్రాసు పాలనే. కరువులో బావులు తవ్వేవాళ్ళకు గిరాకీ పెరగాలి కదా అని మీరనుకుంటారు. మొదటి ఏడు పెరిగింది. రెండో ఏడు తవ్వించుకునేవాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. దుత్తలూరు వైపు సగం తవ్విన బావులు సగంలోనే ఆగిపోయాయి. గుంపులో మూడు కుటుంబాలు రోడ్డు కంకర కొట్టడానికి పోతామని మూటలు కట్టుకున్నాయి. ఒకసారి విడిపోతే గుంపు మళ్ళీ కలవదు. పేల్చేవాడు ఒక దిక్కు, తొలిచేవాడు ఒక దిక్కు అయితే ఇక బావి లేదు. మా ఇంటాయన పదిరోజులు పొద్దున లేచి మూటలు విప్పించడమే పనిగా పెట్టుకున్నాడు.

అప్పుడు ఆత్మకూరు నుంచి కబురు వచ్చింది. అక్కడ బజారు వీధిలో టోకు వ్యాపారం చేసే ఒక శెట్టిగారు తన గోడౌను వెనక దొడ్లో బావి తవ్వించాలనుకున్నారు. ఆరు నెలల పని. పోయి చూశాం. చోటు బాగుంది, కాని చుట్టూ ఇళ్ళు. ఎడమ పక్క ఒక పెద్ద రైతు కుటుంబం వాళ్ళ పెంకుటిల్లు. అందులో పెత్తనమంతా ఒక అవ్వది. వెనక ఒక కాఫీ హోటలు. శెట్టిగారికీ ఆ అవ్వకూ మధ్య గోడ గురించి పాత తగాదా ఉంది.

"మేస్త్రీ, నీ పని బాగుంటాదని ఉదయగిరిలో విన్నాను" అన్నాడు శెట్టిగారు. "అయితే ఈ పక్కింటావిడ సంగతి నీకు తెలవదు. ఒక గులకరాయి పడినా నన్ను కోర్టుకు ఈడుస్తాది. నువ్వు ఇన్సూరెన్సు కాగితం తెచ్చుకో. రాయి పడితే కంపెనీ చూసుకుంటాదని అందులో ఉండాల. అది ఉంటే రేపే పార ఎయ్యి. లేకుంటే బద్వేలు నుంచి ఇంకో గుంపు వస్తామంటుండారు. వాళ్ళ దగ్గర ఉండాదంట."

"మా దగ్గర పెంకుల బండి ఉండాది" అన్నాడు మా ఇంటాయన.

"బండిని కోర్టులో ఎక్కడ నిలబెడతావు నాయనా?" అన్నాడు శెట్టిగారు.

ఇన్సూరెన్సు అనే మాట మేం వినడం అదే మొదలు. పదిహేను రోజులు గడువు ఇచ్చాడు. ఈ మాట ఎట్లా పొక్కిందో గాని, వారం తిరక్కముందే నెల్లూరు నుంచి ఇద్దరు ఏజెంట్లు ఒకరి వెనక ఒకరు దిగారు. రెండు వేరువేరు కంపెనీలు.

మొదటాయన కోటు వేసుకుని వచ్చాడు. అంత ఎండలో కోటు వేసుకున్న మనిషిని చూసి మా గుంపు పిల్లలు చుట్టూ చేరారు. ఆయన తెచ్చిన కాగితం నున్నగా మెరుస్తూ ఉంది. అది మా కోసం. అంటే పనిలో మాలో ఎవరికైనా దెబ్బ తగిలితే, కాలో చెయ్యో పోతే, కంపెనీ ఆదుకుంటుంది. మా మరిదికి అంతకు రెండేళ్ళ ముందు పేలుడులో రెండు వేళ్ళు పోయాయి. అందుకని మా ఇంటాయన మనసు దానిమీదికి పోయింది.

"మరి పక్కింటి పెంకు పగిల్తే?" అని అడిగాను నేను.

"అదీ ఇందులోనే ఉందమ్మా. ఇళ్ళూ వాకిళ్ళూ, గొడ్డూ గోదా, అన్నీ ఉన్నాయి" అన్నాడు కోటాయన.

రెండో ఆయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బక్కపలచని మనిషి. చొక్కా జేబులో సిరా మరక. ఆయన కాగితం మాకోసం కాదు, పక్కవాళ్ళ కోసం. మా పని వల్ల బయటివాళ్ళ ఇంటికో ఒంటికో నష్టం జరిగితే కంపెనీ ఇస్తుంది. మాకు దెబ్బ తగిలితే ఏమీ ఇవ్వదు. ఆ ముక్క ఆయనే ముందుగా చెప్పాడు. అమ్మకానికి వచ్చినవాడు ముందుగా లేనిదేమిటో చెప్పడం నేను అంతవరకు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రెండు కాగితాలకూ కట్టే స్తోమత మాకు లేదు. ఒకటే ఎంచుకోవాలి. మాలో ఎవరికీ చదువు రాదు. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి.

ఇప్పటి పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలి. చదువు రానివాళ్ళకు చెవులే పుస్తకం. ఒకసారి విన్న మాట నాకు పోయేది కాదు. తిరనాళ్ళలో కథ చెప్పేవాడు నిరుడు చెప్పిన కథలో ఈ ఏడు ఒక మాట మింగితే నేను కింద కూర్చుని అందించేదాన్ని. కథ చెప్పేవాళ్ళకు నేనంటే కోపం. అందుకని ఆ ఏజెంట్లకు ఒకటే చెప్పాను. "అయ్యా, ఆ కాగితం మొదట్నుంచి కడదాకా చదివి తెలుగులో చెప్పండి. వచ్చే వారం వచ్చి మళ్ళీ చెప్పండి. మేం మొద్దులం, ఒక్కసారికి ఎక్కదు."

ఇద్దరూ చెప్పారు. ఇద్దరూ మరుసటి వారం మళ్ళీ వచ్చారు.

కోటాయన రెండోసారి గబగబా చెప్పుకుపోయాడు. మా ఇంటాయన తల ఊపుతున్నాడు. నేను ఆపాను.

"స్వామీ, పోయిన వారం కాళ్ళూ చేతులూ అయినాక ఇళ్ళూ వాకిళ్ళూ, గొడ్డూ గోదా వచ్చినాయి. ఈ వారం రాలేదు. గొడ్లు యాడికి పోయినాయి, మేతకు పోయినాయా?"

ఆయన కాగితం తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. "అవి... అనుబంధంలో ఉంటాయమ్మా" అన్నాడు.

"అనుబంధం తెచ్చినారా?"

తేలేదు. కోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. అప్పటికి గాని ఆయనకు ఉక్క పోయలేదు.

సైకిలాయన మాత్రం లైను కింద వేలు పెట్టుకుని, బడిపిల్లాడిలా మెల్లగా చదివాడు. పన్నెండు షరతులు. పోయిన వారం ఎన్ని మాటలో ఈ వారం అన్నే మాటలు. ఒక్క అక్షరం జారలేదు. ఆయన వెళ్ళేలోపు ఆ పన్నెండూ నాకు నోటికి వచ్చేశాయి. తర్వాత పని మొదలైనాక తట్ట మోస్తూ వాటినే వల్లించేదాన్ని. అన్నిటికంటే నాకు నచ్చింది ఏడోది, పాటలాగా సాగేది. "నష్టం జరిగితే, జరిగిన తర్వాత పాలసీదారు కంపెనీ అనుమతి లేనిదే తప్పు తనదని ఒప్పుకోరాదు, నష్టం తీరుస్తానని మాట ఇవ్వరాదు, తీర్చరాదు, తీర్పించరాదు." మా ఆడవాళ్ళు కూడా నాతో కలిసి అనేవాళ్ళు. తట్ట ఎత్తేటప్పుడు "ఒప్పుకోరాదు", దించేటప్పుడు "తీర్చరాదు". అడుగు బాగా కుదిరేది.

అయినా ఆ రోజు మా ఇంటాయనకు మనసు కుదరలేదు. "మన నెత్తిన రాయి పడితే దిక్కు లేదు, పక్కోళ్ళ కుండకు మాత్రం కంపెనీ. ఇదేం న్యాయం?" అన్నాడు.

మా మరిది మిగిలిన మూడు వేళ్ళు చూపించి, "నావి ఎట్టాగూ పోయినాయి, ఇప్పుడు కాగితం కొంటే మొలుస్తాయా" అన్నాడు.

తీర్పు మా అత్త చెప్పింది. "మనకు తగిలితే మనకు మనం ఉండాం. మన నెత్తిన తట్టలు ఉండాయి, బోర్లించుకుంటాం. పక్కోళ్ళ నెత్తిన ఏముండాది? ఆ సైకిలోడి దాని మీదే ఏలిముద్ర ఎయ్యి."

వేశాడు. శెట్టిగారు ఆ కాగితాన్ని పటం కట్టించి గోడౌను గుమ్మం మీద వేలాడదీశాడు, అవ్వకు కనిపించేట్టుగా. మేం పార వేశాం. మూటలు కట్టుకున్న మూడు కుటుంబాలూ వచ్చాయి.

మట్టి అయిపోయింది, గరుసు అయిపోయింది, బండ వచ్చింది. ఈలోపు కాగితం సంగతి వీధంతా పాకింది. రాయి పడి ఏది పగిలినా కంపెనీ కొత్తది ఇస్తుందట. ఒకరోజు పొద్దున మేం పనికి వచ్చి చూస్తే వీధి తిరనాళ్ళలా ఉంది. హోటలతను పిడి లేని కప్పులూ అంచు లేని సాసర్లూ బెంచీ మీద వరసగా పేర్చి పెట్టాడు. ఇంకెవరో మూడు కాళ్ళ కుర్చీని గోడకు ఆనించి పెట్టారు. అవ్వ అందరినీ మించింది. చిల్లి కుండలు, కుక్కి మంచం, నెర్రె విచ్చిన రోలు, అన్నీ తెచ్చి మా బావి వైపు గోడ పక్కన సర్దింది.

"ఏందవ్వా ఇదంతా?" అని అడిగాను.

"ఎండకు పెట్టినాలే."

"రోలును ఎండకు పెట్టేది ఏంది?"

"చెమ్మ పట్టినాది. నీ పని నువ్వు చూసుకోవే." కాసేపాగి గోడ మీదినుంచి తొంగి చూసి, "మీ మగోళ్ళు రాళ్ళు యా దిక్కుకు ఎగరగొడతారు?" అని అడిగింది.

"అది మా చేతిలో ఉండదవ్వా."

"ఏం పనోళ్ళు" అంది అసహ్యంగా.

పగిలిపోకూడని వస్తువులను మాత్రం ఆమె ఎంతో జాగ్రత్త చేసిందని తర్వాత తెలిసింది. ఆ ఏడు కరువుకు మామిడి కాపు లేదు. ఎక్కడో దొరికిన కాయలతో ఒక్క జాడీ ఊరగాయ పెట్టింది. బావికి దూరంగా ఉంటుందని ఆ జాడీని ఇంట్లో అటు చివర గదిలోకి మార్పించింది.

మిట్టమధ్యాహ్నం పేల్చాలి. మా అత్త మొండిగోడ ఎక్కి మూడుసార్లు అరిచింది. వీధిలో జనం లోపలికి పోవాల్సింది పోయి, తమ తమ సామాన్లను ఇంకొంచెం ముందుకు జరిపి అప్పుడు పోయారు. పేలింది. దుమ్ము లేచింది. మొద్దులు కదిలాయి. ఒక్క రాయి, కొబ్బరికాయ అంత ఉంటుంది, కంపలోంచి తప్పించుకుని పైకి లేచింది. కప్పుల మీదా సాసర్ల మీదా పోలేదు. కుక్కి మంచం మీదుగా, రోలు మీదుగా, చిల్లి కుండలన్నిటి మీదుగా ఠీవిగా సాగి, అవ్వ ఇంటి అటు చివర కప్పు మీద దిగింది.

దుమ్ము కొంచెం అణిగింది. తర్వాత లోపలినుంచి అవ్వ గొంతు వినిపించింది. "నా ఊరగాయ."

ఇక అప్పుడు ఎవరూ ఏమీ ఆలోచించలేదు. మేం ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే చేశాం. రాయి కింద పడేసరికే నేను పెంకుల బండి దగ్గర ఉన్నాను. నలుగురు ఆడవాళ్ళం పెంకులు ఎత్తుకున్నాం, ఒకామె జాడీ ఎత్తుకుంది. వీధి వెంట అలవాటుగా ఆ ఏడో షరతే పాడుకుంటూ పోయాం, అడుగు కుదురుతుందని. నేను కప్పెక్కి పగిలిన పెంకులు తీసేసి కొత్తవి పరిచాను. కింద మా అత్త, "తప్పు మాదే తల్లీ" అంటూ అవ్వ చేతులు పట్టుకుంది. తర్వాత ఇద్దరు ముసలివాళ్ళూ నేలమీద కూర్చుని, పగిలిన జాడీలోంచి బాగున్న ముక్కలు ఏరి కొత్త జాడీలోకి ఎత్తారు. తిడుతూనే అవ్వ అన్నం కలిపింది. మా అత్త తింది. సాయంత్రం నాలుగు కాకముందే కప్పు ఎప్పటిలా ఉంది.

పొద్దు వాలుతుండగా సైకిలాయన వచ్చాడు. వేరే పనిమీద ఆత్మకూరుకు వచ్చి, బస్టాండులో విని, పరుగున వచ్చాడు. శెట్టిగారు గుమ్మం మీది పటం దించి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"కంగారు పడకండి" అన్నాడు సైకిలాయన. "దీనికోసమే కదా పాలసీ. ఎక్కడ పగిలింది, చూపించండి."

"పగిలిందంతా బాగు చేసేసినాం" అన్నాను నేను గొప్పగా.

ఆయన ముఖం మారింది. "ఎవరు చేశారు?"

"మేమే. మా అత్త పోయి తప్పు మాదేనని కూడా చెప్పింది."

ఆయన సైకిలును గోడకు ఆనించి, ఆ గోడకే తానూ ఆనుకున్నాడు. "అమ్మా, షరతులన్నీ నోటికి వచ్చునన్నావు. ఏడోది ఏమిటి?"

నన్ను అడగడమే ఆలస్యం. గొంతు సవరించుకుని అందుకున్నాను. "నష్టం జరిగితే, జరిగిన తర్వాత పాలసీదారు కంపెనీ అనుమతి లేనిదే తప్పు తనదని ఒప్పుకోరాదు, నష్టం తీరుస్తానని మాట ఇవ్వరాదు, తీర్చ..." అక్కడ ఆగిపోయాను. వీధిలో అందరూ నా వైపు చూస్తున్నారు.

నెలరోజులు ఆ మాటలు నెత్తిన మోశాను. అవి మా బండి గురించి చెబుతున్నాయని ఒక్కసారి కూడా తట్టలేదు. కోటాయన కాగితంలో లేని గొడ్లను పట్టుకున్నాను గాని, సైకిలాయన కాగితంలో ఉన్న నన్ను నేను పట్టుకోలేకపోయాను. ఇప్పుడు అక్షరాలు నేర్చుకున్నాక కూడా నాకు ఆ భయం పోలేదు. చదవగలిగిందంతా తెలిసిందని అనుకోబాకండి.

"అంటే ఈ కాగితం చచ్చిపోయినట్టేనా?" అని అడిగాడు శెట్టిగారు. "అట్టయితే పని ఆపండి. రేపే బద్వేలుకు కబురు పెడతాను."

తొమ్మిది కుటుంబాలవాళ్ళు బావి గట్టు మీద నిలబడి వింటున్నారు.

"ఆవిడ ఫిర్యాదు రాసి ఇస్తే నేను కంపెనీకి పంపాలి. పంపితే కంపెనీ వాళ్ళు వస్తారు. ఒప్పుకున్నారనీ, తీర్చేశారనీ తెలిస్తే పాలసీ ఉండదు. ఫిర్యాదే లేకపోతే నేను రాయాల్సిందేమీ లేదు" అన్నాడు సైకిలాయన. అని అవ్వ గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు. మేమంతా ఆయన వెనక. "అమ్మా, మీకేమైనా నష్టం జరిగిందా?"

అవ్వ అందరినీ కలయజూసింది. శెట్టిగారిని కొంచెం ఎక్కువసేపు చూసింది. ఆయన పని ఆగిపోవడం ఎంత తీపి సంగతో ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"కంపెనీవాళ్ళు కప్పంతా కొత్తది ఏపిస్తారని మనసు పడ్డాను నాయనా" అంది. "వీళ్ళు నాలుగు పెంకులతో సరిపెట్టినారు. రాయాల్సిందే." మా అత్త వైపు వేలు చూపించింది. "అయితే ఆ ముసిల్ది నా ఇంట్లో అన్నం తినేసి పోయినాది. అన్నం తిన్నోళ్ళ మీద కాగితం రాసేది మా ఇంటా వంటా లేదు. ఏమీ జరగలేదు, పో."

మా అత్త నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం, చూశావా నా ఇన్సూరెన్సు, అని.

అయితే శెట్టిగారు వ్యాపారి. "ఈ రోజు గండం గడిచింది. రేపు?" అన్నాడు. "రేపు ఇంకో రాయి పడితే మళ్ళీ పెంకులెత్తుకుని పరిగెత్తుతారు, మళ్ళీ ఒప్పుకుంటారు. పొద్దున మొదటి వత్తికి ముందే నాకు మాట కావాల. ఏం పగిలినా ఎవరూ నోరు తెరవగూడదు, పెంకు ముట్టగూడదు. సరేనంటే పని."

"అట్టయితే నేను కేక ఎయ్యను" అంది మా అత్త. "ఇల్లు పగలగొట్టి మూగదాని మాదిరి నిలబడేది నాకు చేతగాదు. మీరే అరుచుకోండి."

ఆమె అరవకపోతే మగవాళ్ళు నిప్పు పెట్టరు. మా ఇంటాయన తల్లి ముఖం చూశాడు, శెట్టిగారి ముఖం చూశాడు, చివరికి బావిలోకి చూశాడు.

సైకిలాయన వెళ్ళబోతుంటే నేను వెనకే పోయి, "అయ్యా, ఆ ఏడోదాన్ని ఇంకొక్కసారి చదవండి" అన్నాను.

"నీకు నోటికి వచ్చు కదమ్మా."

"నోటికి వచ్చు. ఈసారి వింటాను."

ఆయన పటం తెప్పించుకుని, అద్దం మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా చదివాడు. నష్టం జరిగితే. జరిగిన తర్వాత. తీర్చరాదు. నేను రెండు ప్రశ్నలు అడిగాను. ఆయన మొదటిదానికి కాదు అన్నాడు. రెండోదానికి మళ్ళీ అద్దం మీద వేలు పెట్టి, 'జరిగిన తర్వాత' అన్న మాట చూసుకున్నాడు. తర్వాత నవ్వు ఆపుకుంటూ సైకిలెక్కి, "అమ్మా, నేను బతికుండగా ఈ రోజు సంగతి ఎక్కడా చెప్పబాక. నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

"నాకు రాయడం రాదు గదయ్యా."

"నోరుందిగా" అన్నాడు. సరే, చెప్పనని మాట ఇచ్చాను.

మరునాడు తెల్లవారగానే పెంకుల బండి కట్టాను. వీధి ఈ చివరనుంచి ఆ చివరకు ఇంటింటికీ పోయి, పసుపూ కుంకుమా పెట్టి, గడపకు నాలుగు పెంకులు, ఒక కుండ ఇచ్చుకుంటూ వచ్చాను. హోటలతనికి పెంకులతోపాటు పిడి ఉన్న కప్పు ఒకటి ఇచ్చాను. అవ్వ గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"ఏందే ఇది? ఇంకా ఏం పగల్లేదే."

"పగిలినాక ఇయ్యగూడదంట అవ్వా. అందుకని ముందే తెచ్చినాను."

"తప్పు మీదేనని ఒప్పుకుంటా ఉండారా?"

"ఏం తప్పు? ఇంకా పొద్దే ఎక్కలేదు గదా. ఇది కానుక."

అవ్వ పెంకులు లెక్కపెట్టుకుంది. "అటు చివర గదికి ఇంకో రెండు ఎక్కువ పెట్టి పో" అంది. పెట్టాను. శెట్టిగారు గోడౌను గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. పటాన్ని మళ్ళీ మేకుకు తగిలించాడు.

బండి ఖాళీ అయింది. వెనక్కి తిరిగేసరికి మా అత్త కొంగు నడుముకు దోపుకుని మొండిగోడ ఎక్కుతోంది. వీధిలో ప్రతి గడప ముందూ పెంకులు ఉన్నాయని ఒకసారి చూసుకుని, "వత్తీ" అని మొదటి కేక వేసింది. మా తలలకు పాలసీ లేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఖాళీ తట్ట నెత్తిన బోర్లించుకుని పరిగెత్తాను.